అన్నీ వదిలేసి ఒంటరిగా అడవిలో బతకాలని ఉంది. నిజంగా వెళ్లినవాళ్లకు ఏం జరిగింది?

కొండగాలి

చాలా కాలంగా మనసులో నలుగుతున్న సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం, ఫోను, మీటింగులు, చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండటం... వీటన్నిటి నుంచి బయటపడి మనుషులు లేని చోట ఉండాలని ఉంది. వారం రోజుల ట్రెక్ గురించి అడగడం లేదు. ఒక సీజన్ మొత్తం, వీలైతే ఏడాది. టెంటులోనో, నేనే కట్టుకున్న చిన్న గుడిసెలోనో.

ఫోన్ తీసుకెళ్లను. ఎక్కడికి వెళ్తున్నానో ఎవరికీ చెప్పను. చెబితే ఆపుతారు, లేదా వెతుక్కుంటూ వస్తారు. అప్పుడిక వెళ్లి ఏం లాభం?

ఒంటరి నడకలు నాకు అలవాటే. తడి కట్టెలతో కూడా నిప్పు రాజేయగలను, మ్యాపూ దిక్సూచీ చూడటం వచ్చు. ఇలా నిజంగా వెళ్లినవాళ్ల గురించి బాగా తెలిసినవాళ్లు చెప్పండి. ఎవరు నిలబడ్డారు, ఎవరు నిలబడలేదు, ఎందుకు?

గడ్డిపరక

వెళ్లిపో బ్రదర్! ఆలోచిస్తూ కూర్చుంటే జీవితమంతా ఆలోచనలోనే గడిచిపోతుంది. క్రిస్ మెకాండ్లెస్ అనే అమెరికా కుర్రాడు దాచుకున్న డబ్బు దానం చేసేసి, చేతిలో ఉన్న నోట్లు తగలబెట్టి వెళ్లిపోయాడు. ఆ తెగింపు వెయ్యి మందిలో ఒక్కరికి కూడా ఉండదు. నాకు స్ఫూర్తి అతనే.

పుస్తకాలపురుగు

గడ్డిపరక గారూ, మెకాండ్లెస్ అంటే నాకూ అభిమానమే. అందుకే అతని కథ సగంలో ఆపేస్తే బాధేస్తుంది. మిగతాది నేను చెబుతాను.

1992 ఏప్రిల్ చివర్లో అలాస్కాలో స్టాంపీడ్ ట్రెయిల్ పట్టుకుని లోపలికి నడిచాడు. దారిలో టెక్లనికా అనే నది ఉంది. ఇంకా చలి వదల్లేదు కాబట్టి నీళ్లు తక్కువ, దిగి దాటేశాడు. అవతల ఎవరో వదిలేసిన పాత బస్సు కనిపిస్తే అందులో మకాం పెట్టాడు. వెంట తీసుకెళ్లింది నాలుగున్నర కిలోల బియ్యం, చిన్న రైఫిలు, కొన్ని పుస్తకాలు. జూన్‌లో ఒక మూస్‌ను వేటాడాడు. అది గుర్రం కంటే పెద్ద జింక. ఒక్క మనిషికి నెలల తరబడి సరిపోయే మాంసం. పొగబెట్టి నిల్వ చేయాలని చూశాడు, కుదరలేదు, పురుగు పట్టింది. అనవసరంగా దాని ప్రాణం తీశానని డైరీలో ఎంతో బాధపడ్డాడు.

జూలై మొదట్లో ఇక చాలు, తిరిగి మనుషుల్లోకి వెళ్లిపోదామని బయల్దేరాడు. ఈ ముక్క చాలామందికి తెలియదు. ఒంటరితనం కోసం వెళ్లినవాడు అది తీరాక వెనక్కి రావాలనే అనుకున్నాడు. నది దగ్గరికి వచ్చి చూస్తే ఏప్రిల్‌లో దాటిన నదేనా అన్నట్టు పోటెత్తి ఉంది. బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. ఆగస్టులో ప్రాణం పోయింది. సెప్టెంబర్‌లో వేటగాళ్లు వచ్చి చూసేసరికి శవం బరువు 30 కిలోలు. 24 ఏళ్ల కుర్రాడు.

నది ఒడ్డునే కొంత దూరం దిగువకు నడిచి ఉంటే, తీగ మీద చేత్తో లాగుతూ అవతలికి వెళ్లే తొట్టి ఒకటి అప్పట్లో ఉండేది. దాన్ని చూపించే వివరమైన మ్యాపు అతని దగ్గర లేదు. తర్వాత అదే బస్సు చూడాలని వెళ్లినవాళ్లలో ఇద్దరు అదే నదిలో కొట్టుకుపోయి చనిపోయారు. 2020 జూన్‌లో ఆ బస్సును హెలికాప్టర్‌తో ఎత్తి అక్కణ్నుంచి తీసేశారు.

పాతబాట

నది గురించి ఒక మాట కలుపుతాను. మంచు కరిగి పారే నదులకు రోజూ ఒక లయ ఉంటుంది. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లు తక్కువ, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. అలాంటి నది దాటాలంటే ఒడ్డునే పడుకుని పొద్దున్నే దాటాలి. పాయలుగా చీలిన చోట వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. మోకాలు దాటి వేగంగా పారే నీళ్లు మనిషిని నిలబడనివ్వవు. బ్యాగు నడుం బెల్టు విప్పుకోవాలి, పడితే బ్యాగు వదిలేయగలగాలి. దిగువన జలపాతమో, నీళ్లకు అడ్డంగా పడిన చెట్టో ఉంటే అక్కడ అసలు దిగకూడదు. బూట్లు విప్పొద్దు, కనిపించని రాయి మీద వట్టి పాదం నిలవదు.

ఇక బియ్యం లెక్క. నాలుగున్నర కిలోలంటే మొత్తం సుమారు 16 వేల కేలరీలే. చలిలో నడుస్తూ, కట్టెలు కొడుతూ ఉన్న మనిషికి రోజుకి 3 వేలు అవలీలగా ఖర్చవుతాయి. అంటే వారానికి కూడా చాలదు. మిగతాదంతా అడవే ఇవ్వాలి. అడవి ఇస్తుంది, కానీ మనం అడిగినప్పుడు ఇవ్వదు.

ఇంకోటి. చిన్న జంతువుల మాంసం దొరికితే చాలనుకుంటారు. కుందేలు లాంటివాటిలో కొవ్వు దాదాపు ఉండదు. కొవ్వూ పిండి పదార్థమూ లేకుండా వట్టి పలచటి మాంసం మీదే వారాల తరబడి ఉంటే కడుపు నిండా తింటూనే మనిషి నీరసించిపోతాడు, విరేచనాలు పట్టుకుంటాయి, ఆకలి తీరదు. ఉత్తరాది అడవుల్లో బతికిన వేటగాళ్లకు ఇది బాగా తెలుసు, అందుకే వాళ్లు కొవ్వు కోసం వెంపర్లాడేవారు. నూనె, గింజలు, పప్పులు లెక్కపెట్టుకుని మోసుకెళ్లాలి.

కొండగాలి

థాంక్స్ అండీ, ఇలాంటి వివరాలే కావాలి. అయితే మెకాండ్లెస్‌కు అనుభవం తక్కువ. అనుభవం ఉండి, పూర్తిగా ఒంటరిగా ఉండి, నిలబడినవాళ్లు లేరా?

పాతబాట

ఉన్నారు. నాకు అందరికంటే ఇష్టమైన మనిషి రిచర్డ్ ప్రోనెకే. అలాస్కాలోనే ట్విన్ లేక్స్ దగ్గర 1968లో గుడిసె కట్టుకున్నాడు. అప్పటికే 50 దాటాయి. వడ్రంగం, డీజిల్ ఇంజన్ల మెకానిక్ పని చేసి చేతులు కాయలు కాసిన మనిషి. దుంగలు ముందు ఏడాదే కొట్టి ఎండబెట్టుకున్నాడు. అది గమనించండి. పచ్చి దుంగలతో కడితే ఎండాక కుంచించుకుపోయి సందులు పడతాయి, చలికాలంలో ఆ సందుల్లోంచి గాలి తన్నుకొస్తుంది. పనిముట్లకు బరువుండే పిడులు మోసుకెళ్లడం ఎందుకని ఇనుప భాగాలే తీసుకెళ్లి, పిడులు అక్కడి కర్రతో చెక్కుకున్నాడు. తలుపుకు బందులు, గడియ, అన్నీ చెక్కతోనే చేశాడు. అక్కడే సుమారు 30 ఏళ్లు ఉన్నాడు. 1998–99 ప్రాంతంలో, 80 దాటాక, ఇక చలి తట్టుకోలేక వచ్చేశాడు. ఆ గుడిసె ఇప్పటికీ ఉంది, లేక్ క్లార్క్ నేషనల్ పార్క్ వాళ్లు కాపాడుతున్నారు.

కానీ అతను ఊళ్లతో సంబంధం తెంచుకోలేదు. పైలట్ అయిన స్నేహితుడు చిన్న విమానంలో వచ్చి సరుకులు, ఉత్తరాలు ఇచ్చి వెళ్లేవాడు. ప్రోనెకే ఉత్తరాలకు జవాబులు రాసేవాడు. అతని ఒంటరితనానికి ఆ విమానం వల్ల ఏ లోటూ రాలేదు.

గడ్డిపరక

విమానం సరుకులు తెచ్చి ఇస్తుంటే ఇక సాహసం ఏముంది అండీ? సమాజాన్ని వదలడం అంటే వదలడమే కదా.

పుస్తకాలపురుగు

అయితే నిజంగా పూర్తిగా వదిలినవాళ్లను చూద్దాం.

క్రిస్టఫర్ నైట్. 1986లో 20 ఏళ్ల వయసులో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అడవిలోకి వెళ్లిపోయాడు, ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. 2013లో పట్టుబడేదాకా, అంటే 27 ఏళ్లు, మనుషులతో దాదాపు మాట్లాడనే లేదు. పొగ కనిపిస్తే దొరికిపోతానని, అంతటి చలి ప్రాంతంలో ఒక్కసారి కూడా మంట వేయలేదట. నడిరాత్రి లేచి టెంటులో అటూ ఇటూ నడుస్తూ ఒంట్లో వేడి నిలుపుకునేవాడు. వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ బతికింది దేనిమీద? చుట్టుపక్కల, సెలవులకు వచ్చేవాళ్ల ఇళ్లలో చేసిన దొంగతనాల మీద. తిండి, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, పరుపు, అన్నీ. సుమారు వెయ్యి సార్లు దొంగతనం చేశానని అతనే ఒప్పుకున్నాడు. అంటే మనుషుల్ని వదిలాడు గానీ, మనుషులు చేసిన వస్తువులు లేకుండా ఒక్క చలికాలం కూడా గడపలేదు. అక్కడి ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి భయంతో తలుపులు చూసుకుంటూ పడుకున్నారు.

ఇంకొకరు లైకోవ్ కుటుంబం. మత విశ్వాసాల మీద వేధింపులు తట్టుకోలేక 1936లో సైబీరియా టైగా అడవిలోకి పారిపోయారు. 1978లో భూగర్భ శాస్త్రవేత్తలకు కనిపించేదాకా బయటి ప్రపంచం వాళ్లను చూడలేదు. రెండో ప్రపంచ యుద్ధం జరిగిందని కూడా వాళ్లకు తెలియదు. అతి దగ్గరి ఊరు 250 కి.మీ. దూరంలో. నిజంగా తమ చేతులతోనే బతికారు. ఎలా బతికారో చూడండి. 1961 జూన్‌లో మంచు కురిసి తోట మొత్తం పోయింది. ఆ ఆకలిలో తల్లి పిల్లల కోసం తాను తినడం మానేసి చనిపోయింది. బఠానీ మడిలో ఒకే ఒక్క రై (గోధుమ లాంటి ధాన్యం) గింజ మొలిస్తే దాని చుట్టూ కంచె కట్టి, ఎలుకలూ ఉడుతలూ కొట్టేయకుండా రాత్రీ పగలూ కాపలా కాశారు. ఆ ఒక్క కంకికి 18 గింజలు వచ్చాయి. వాటి నుంచే మళ్లీ పంట మొదలుపెట్టారు. బయటివాళ్లు వచ్చి బహుమతులు ఇస్తామంటే మొదట తీసుకున్నది ఒక్క ఉప్పు. దశాబ్దాల పాటు ఉప్పు లేకుండా తిన్నారు మరి.

వాళ్లూ ఒక్కొక్కరుగా వెళ్లలేదు, కుటుంబంగా వెళ్లారు. ఒకరు పడుకుంటే ఇంకొకరు ఆ గింజకు కాపలా ఉన్నారు.

వెన్నెలబాట

అందరూ మగవాళ్ల కథలే చెబుతున్నారు. రాబిన్ డేవిడ్సన్ గురించి చెప్పనివ్వండి. 1977లో నాలుగు ఒంటెలు, ఒక కుక్కతో ఆస్ట్రేలియా మధ్యలో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 2,700 కి.మీ. ఎడారి నడిచింది. ఆమె గురించి మాట్లాడేవాళ్లు నడకే చెబుతారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉండి, ఒంటెలు పెంచేవాళ్ల దగ్గర పేడ ఎత్తి, తిట్లు తిని, ఒంటెను లొంగదీయడం, దాని జబ్బు గుర్తుపట్టడం, ముక్కుతాడు వేయడం నేర్చుకుంది. దారిలో ఒక ఆదివాసీ పెద్దాయన కొన్ని వారాలు ఆమెతో కలిసి నడిచాడు. ఎక్కడ నీళ్లుంటాయో, ఏ చోటికి ఆడవాళ్లు వెళ్లకూడదో ఆయన చూపించాడు. ఒక ఫోటోగ్రాఫర్ అప్పుడప్పుడూ వచ్చి కలిసేవాడు. అతను రావడం ఆమెకు చాలాసార్లు చిరాకు తెప్పించింది, అయినా ప్రయాణానికి డబ్బు ఆ దారిలోనే వచ్చింది.

నేనూ ఒంటరిగానే నడుస్తాను. ఆడపిల్లవి, ఒంటరిగా ఎందుకు అని అడగనివాళ్లు లేరు. కొండగాలి గారూ, మీ కోరిక నాకు పూర్తిగా అర్థమవుతుంది. మూడో రోజుకు తలలో మాటల రొద తగ్గుతుంది. అడుగుల చప్పుడు, ఊపిరి, ఆకలి, ఇంతే మిగులుతాయి. పొద్దున్నే టెంటు జిప్పు తీస్తే గడ్డి మీద ఏదో జంతువు పడుకుని లేచిన గుర్తు కనిపిస్తుంది, వేలు పెడితే నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆ సంతోషం ఇంకెక్కడా దొరకదు. అందుకే మీరు వెళ్లొద్దని అనను. కానీ ఎవరికీ చెప్పకుండా వెళ్తే సంతోషం ఎక్కువవుతుందని మాత్రం ఒప్పుకోను. నేను ఎక్కడున్నానో ఒక్కరికి తెలుసు అన్న ధీమా ఉంటేనే నాకు రాత్రి నిద్ర పడుతుంది.

సాయంకాలం

నేను అడవులకు వెళ్లే మనిషిని కాను. ఈ చర్చ చదువుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

మా తమ్ముడు ఇలాగే చెప్పకుండా వెళ్లాడు. గదిలో మంచం సర్ది ఉంది, ఫోన్ టేబుల్ మీద ఉంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఏవైపు వెళ్లి ఉంటాడు?" మాకు తెలియదు. ఉత్తరమా దక్షిణమా కూడా తెలియదు. గుర్తుతెలియని శవం దొరికిందని ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా నాన్న వెళ్లి చూసి వచ్చేవారు. తిరిగొచ్చాక మాతో ఏమీ మాట్లాడేవారు కాదు, స్నానం చేసి పడుకునేవారు. అమ్మ వీధి తలుపు గడియ వేయనిచ్చేది కాదు.

తమ్ముడు క్షేమంగా తిరిగొచ్చాడు. కొండల్లో ఉన్నాడట, బాగానే ఉన్నాడట. వాడి జీవితంలో అంత మంచి రోజులు లేవని చెప్పాడు, నేను నమ్ముతాను. వాడు వెళ్లడం మీద నాకు కోపం లేదు. ఒక్క చీటీ రాసి పెడితే మా ఇంట్లో అందరం అన్నం తినేవాళ్లం.

కొండగాలి

అక్కా, మీ పోస్ట్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మ గుర్తొచ్చింది.

నిశ్చల

కొండగాలి గారూ, సూటిగా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు తిరిగి రావాలని ఉందా? అడవిలో ఉండాలన్న కోరిక వేరు, ఇక్కడ ఉండలేకపోవడం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండోదైతే ముందు ఇక్కడే ఎవరితోనైనా మాట్లాడండి. డాక్టరైనా, స్నేహితుడైనా, నాకు మెసేజ్ పెట్టినా సరే. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు ఒంటరితనం దాన్ని ఇంకా లోతుకు తోస్తుంది, పక్కన గమనించేవాళ్లు ఉండరు.

కొండగాలి

అడిగినందుకు సంతోషం అండీ, తప్పుగా ఏమీ అనుకోలేదు. తిరిగి రావాలనే ఉంది. వచ్చాక ఏం చేయాలో కూడా కొన్ని ఆలోచనలు ఉన్నాయి. అలసిపోయాను, అంతే. చావాలని లేదు. నిజానికి సరిగ్గా బతికి చాలా రోజులైందనే ఈ ఆలోచన.

నిశ్చల

ఈ మాట విన్నాక మనసు తేలికపడింది. అయితే నేను నర్సుగా పనిచేస్తాను కాబట్టి ఒక విషయం చెబుతాను. ఒంటరిగా ఉన్నప్పుడు అసలు ప్రమాదం, మన తెలివి తగ్గుతోందని మన తెలివికే తెలియకపోవడం.

చలి దెబ్బ అంటే గడ్డకట్టే మంచులోనే వస్తుందనుకుంటారు. తడిసిన బట్టలు, గాలి, ఆకలి మూడూ కలిస్తే మంచు లేకపోయినా వస్తుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. ఆ తర్వాత వణుకు ఆగిపోతుంది. మనిషి కాస్త బాగుందనుకుంటాడు, నిజానికి అప్పుడే పరిస్థితి చేయి దాటిపోతోంది. ఇద్దరుంటే రెండోవాళ్లు పసిగడతారు. ఒక్కరే ఉంటే ఒక పరీక్ష అలవాటు చేసుకోండి. బొటనవేలితో అదే చేతి చిటికెన వేలిని తాకించండి. తాకలేకపోతే ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా, తడి బట్టలు మార్చి, వేడి పుట్టించే పని చూడాలి. నూలు బట్టలు తడిస్తే వేడి నిలపవు. ఉన్ని నయం.

రెండోది పొగ లేని విషం. 1934లో అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాలో ఒంటరిగా ఒక వాతావరణ కేంద్రంలో నెలల తరబడి ఉన్నాడు. మంచులో పూడ్చిన చిన్న గది. స్టవ్వు, జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అతన్ని కొద్దికొద్దిగా చంపుతూ వచ్చింది. తాను బాగానే ఉన్నానని రేడియోలో చెబుతూనే ఉన్నాడు, తన కోసం చీకట్లో ఎవరూ ప్రాణాల మీదికి తెచ్చుకోకూడదని. కానీ అతను పంపే సంకేతాలు తడబడుతున్నాయని, అర్థం లేకుండా ఉన్నాయని అవతలివాళ్లు కనిపెట్టి, ఆగస్టులో వెళ్లి కాపాడారు. అంతటి అనుభవజ్ఞుడిని నిలబెట్టింది అవతల చెవి ఒగ్గి వింటున్న మనుషులు. మూసిన టెంటులో స్టవ్వు వెలిగించకండి, ఎంత చలిగా ఉన్నా.

తాడుముడి

కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే బృందంలో వాలంటీర్‌గా ఉన్నాను. ఇంతసేపూ అన్నీ చదివాను. మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

ఎవరైనా రాలేదని కబురొస్తే మాకు కావలసింది మూడు సంగతులు. ఆఖరుగా ఎక్కడ కనిపించారు, ఏ దారిన వెళ్లాలనుకున్నారు, ఎప్పటికి రావాలి. ఇవి తెలిస్తే కొన్ని లోయలు వెతుకుతాం. తెలియకపోతే ఎక్కడని వెతుకుతాం? ఆరోన్ రాల్స్టన్ అనే పర్వతారోహకుడు 2003లో అమెరికాలోని యూటాలో ఒక ఇరుకు లోయలో బండ కింద చేయి ఇరుక్కుని ఐదు రోజులకు పైగా ఉండిపోయాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ వస్తారన్న ఆశ లేదు. చివరికి తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. అతని తెగింపుకు దండం పెడతాను. ఒక చీటీ ఉండి ఉంటే ఆ చేయి మిగిలేదేమో అని కూడా అనుకుంటాను.

అంతకంటే నన్ను కలిచివేసేది కార్ల్ మెకన్ సంగతి. 1981 మార్చిలో ఫోటోలు తీయడానికి అలాస్కాలో మారుమూల ఒక చెరువు దగ్గర విమానంలో దిగాడు. దండిగా సరుకులు, వందల కొద్దీ ఫిల్మ్ రోల్స్. ఆగస్టులో వచ్చి తీసుకెళ్లమని పైలట్‌తో ఖాయం చేసుకోలేదు. వస్తాడనే అనుకున్నాడు. ఆగస్టు వెళ్లింది, విమానం రాలేదు. తర్వాత ఒక పోలీసు విమానం అతని మీదుగా తిరిగింది. ఆనందం పట్టలేక ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. గాల్లోంచి చూసేవాళ్లకు ఒక చెయ్యి ఎత్తడమంటే "నాకేం అక్కర్లేదు" అని అర్థం. విమానం వెళ్లిపోయింది. తన వేట లైసెన్సు వెనక ఆ సంకేతాలు అచ్చువేసి ఉన్నాయని అతను తర్వాత చూసుకున్నాడు. ఆ చలికాలం దాటలేదు.

రెండు చేతులూ పైకి చాచి నిలబడితే సాయం కావాలని. మూడు మంటలైనా, మూడు ఈలలైనా, మూడు ఏదైనా ఆపద అని. ఇవి వెళ్లే ప్రతి ఒక్కరికీ నిద్రలో లేపి అడిగినా రావాలి.

గడ్డిపరక

తాడుముడి గారూ, మీ పని మీద గౌరవం ఉంది. కానీ నా సందేహం ఇంకా తీరలేదు. ప్రమాదం మొత్తం తీసేస్తే అది పార్కులో నడకలా అయిపోదా? తన ప్రాణం మీద మనిషికి ఆ మాత్రం హక్కు లేదా?

తాడుముడి

హక్కు ఉంది. చీటీ రాసినంత మాత్రాన నదిలో నీళ్లు తగ్గవు, చలి తగ్గదు, కాలు జారకుండా ఉండదు. మీ సాహసం మీ దగ్గరే ఉంటుంది. చీటీ లేకపోతే జరిగేది ఒకటే, మీ కోసం వచ్చే మా ప్రమాదం పెరుగుతుంది. వర్షంలో, చీకట్లో, ఏ లోయో తెలియకుండా తాడు కట్టుకుని దిగేది మేమే. మాలో పిల్లలున్నవాళ్లు ఉన్నారు.

గడ్డిపరక

ఇది నేను ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. సరే. ఏడాది పాటు ఎవరూ గుర్తుకు రాకుండా బతకాలన్న కోరిక మాత్రం నాలో అలాగే ఉంది, అది ఒప్పుకుంటాను.

పాతబాట

ఉండనీ తమ్ముడూ, ఆ కోరిక చెడ్డదేం కాదు. 1845లో అమెరికా రచయిత థోరో వాల్డెన్ చెరువు దగ్గర గుడిసె కట్టుకుని రెండేళ్లు ఉన్నాడు. ఊరు రెండు మైళ్ల లోపే. స్నేహితులు వచ్చేవాళ్లు, అతనూ ఇంటికి వెళ్లి వచ్చేవాడు. అది తెలిసి కొందరు అతన్ని తీసిపారేస్తారు. నేను తీసిపారేయను. ఎంత దూరం వెళ్లాడన్నది పెద్ద విషయం కాదు, అక్కడ కూర్చుని ఎంత శ్రద్ధగా చూశాడన్నదే. చెరువు లోతు తాడుకు రాయి కట్టి తనే కొలిచాడు. అడుగే లేదని ఊళ్లో చెప్పుకునే చెరువది.

వెన్నెలబాట

దారి తప్పడం గురించి ఎవరూ రాయలేదు. "నాకు దిక్కులు బాగా తెలుసు" అనేవాళ్లు చదవండి. 2009లో జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు అడవిలో, ఎడారిలో మనుషుల్ని తిన్నగా నడవమని చెప్పి చూశారు. సూర్యుడు కనిపిస్తున్నంతసేపు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజు అడవిలో గుండ్రంగా తిరిగి తమ అడుగుల్నే దాటారు, తిన్నగా నడుస్తున్నామనే అనుకుంటూ. అందుకే అనుమానం రాగానే ఆగి కూర్చోవడం మంచిది. నీళ్లు తాగి, మ్యాపు తీసి, ఆఖరుగా ఖాయంగా తెలిసిన చోటు ఏదో వేలితో చూపించుకోవాలి. అది దొరక్కపోతే కదలొద్దు.

కొండగాలి

అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. వెళ్లాలన్న నిర్ణయం మారలేదు. వెళ్లే పద్ధతి మార్చుకుంటున్నాను.

ఏడాది అని ముందే పెట్టుకోను. అనుకున్న చోటికే ముందు కొద్ది రోజులకు వెళ్తాను, అదీ హాయిగా ఉండే నెలల్లో కాకుండా వానలు పడేటప్పుడు. ఆ చోటు నన్ను ఉండనిస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. అక్కడ రాత్రి ఉండటానికి ఎవరి అనుమతి కావాలో కనుక్కుంటాను. తిండి లెక్క పాతబాట గారు చెప్పినట్టు కేలరీల్లో వేస్తాను. మా అమ్మకు చెబుతాను. ఏడుస్తుంది, అయినా చెబుతాను.

తాడుముడి గారూ, ఒక్క సందేహం. చీటీ ఎవరి దగ్గర పెట్టాలి? అమ్మ దగ్గర పెడితే మొదటి వాన పడగానే మీకు ఫోన్ చేస్తుంది. తేదీ ఎలా పెట్టుకోవాలి? శాటిలైట్ పరికరం కూడా తీసుకోవాలా?

తాడుముడి

చీటీ కంగారు పడని, బద్ధకించని ఒక స్నేహితుడి దగ్గర పెట్టండి. అమ్మకు ఆ స్నేహితుడి నంబరు ఇవ్వండి. చీటీలో రెండు తేదీలు రాయండి. మొదటిది మీరు రావాలనుకున్న రోజు. రెండోది సాయానికి కబురు పెట్టాల్సిన రోజు, గంటతో సహా. ఈ రెండింటి మధ్య నది పొంగితే ఒడ్డున ఆగేందుకు సరిపడా ఎడం ఉండాలి, ఆ ఎడానికి సరిపడా తిండి మీ బ్యాగులో ఉండాలి. ఎడం లేకపోతే తేదీ తరుముకొచ్చి, దాటకూడని నదిని దాటిస్తుంది. రెండో తేదీ దాటాక స్నేహితుడు "ఇంకో రోజు చూద్దాం" అనకూడదు, ఈ మాట అతనితో ఎదురుగా కూర్చుని చెప్పండి.

మ్యాపు ఫోటో కాపీ మీద మకాం చోటు, నీళ్ల చోటు, లోపలికి వెళ్లే దారి, అది మూసుకుపోతే బయటికొచ్చే ఇంకో దారి గీయండి. టెంటు రంగు, జాకెట్ రంగు, వాడే మందులు రాయండి. ఇంకో పని చేయండి. అల్యూమినియం రేకు కాగితం ఒక మడత పెట్టిన తువ్వాలు మీద పరిచి, వేసుకెళ్లే బూటుతో గట్టిగా తొక్కండి. అడుగు అచ్చు దిగుతుంది. దాని మీద మీ పేరు రాసి చీటీతో పాటు ఇవ్వండి. బురదలో పది రకాల అడుగులు కనిపించినప్పుడు మీది ఏదో తేల్చుకోవడానికి మాకు అంతకు మించినది లేదు.

పరికరం తీసుకోండి. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పీఎల్‌బీ (వెంట ఉంచుకునే ఆపద సంకేత పరికరం) అయితే బటన్ నొక్కాక సంకేతం ఉపగ్రహాల ద్వారా సహాయ కేంద్రానికి వెళ్తుంది. కొనగానే మీ పేరు మీద రిజిస్టర్ చేయించాలి, లేకపోతే సంకేతం ఎవరిదో తేల్చుకోవడానికే సమయం పోతుంది. కొన్ని దేశాల్లో ఇలాంటి పరికరాలకు ముందే అనుమతి కావాలి, అది కనుక్కున్నాకే కొనండి. వాడాల్సి వస్తే ఆకాశం బాగా కనిపించే చోట పెట్టి వదిలేయండి, మళ్లీ మళ్లీ ఆపి వెలిగించొద్దు. ఒంటి మీద ఉంచుకోండి, బ్యాగులో పెట్టొద్దు. నదిలో ముందు పోయేది బ్యాగే.

సాయంకాలం

కొండగాలీ, అమ్మకు చెప్పేటప్పుడు ఆ రెండు తేదీలు కాగితం మీద రాసి ఇవ్వు. నోటితో చెబితే గుర్తుండదు. మా ఇంట్లో అయితే అమ్మ దాన్ని క్యాలెండర్ పక్కనే అతికించుకునేది.

కొండగాలి

అలాగే అక్కా. రెండు కాపీలు రాస్తాను, ఒకటి స్నేహితుడికి, ఒకటి అమ్మకు. మొదటిసారి వెళ్లి వచ్చాక తిండి లెక్క ఎక్కడ తప్పిందో, టెంటు వానకు ఎలా నిలబడిందో ఇక్కడే రాస్తాను.